దొర మావయ్య

మొన్న గోడమీది ఫొటో అద్దం పగిలితే మార్పిద్దామని ఫ్రేము విప్పాను. లోపలి అట్టలోంచి ఉప్పుగాలి చెమ్మా, కలరా ఉండల ఘాటూ కలిసిన వాసన గుప్పుమంది. అచ్చం అమ్మమ్మ ట్రంకుపెట్టె వాసన. లోపల ఉన్నది పేపర్లోంచి కత్తిరించిన బొమ్మ: తెల్లజుట్టు, మూతి ఓ పక్కకి లాగి నవ్వే నవ్వు. ఆయనో హాలీవుడ్ నటుడు. మా ఇంట్లో మాత్రం మావయ్య.

అసలు మావయ్యని నేను చూడలేదు. నేను పుట్టకముందే దివిసీమలో ఉప్పెన వచ్చి అమ్మమ్మ ఇంటినీ, ఒక్కగానొక్క కొడుకునీ, గోడకున్న అతని ఫొటోలతో సహా తీసుకుపోయింది. శవం దొరకలేదు. దొరకలేదు కనక పోలేదని అమ్మమ్మ పట్టు. మా క్రైస్తవుల ఇళ్ళల్లో మనిషి పోతే సంఘాన్ని పిలిచి, పాటలు పాడి, ప్రార్థన చేయించి, భోజనాలు పెట్టి ఆదరణ కూడిక జరుపుతారు. మావయ్యకి అది జరపనివ్వలేదు. "బతికున్నోడికి కూడికేంటి, మీ నోళ్ళు పడిపోను!" అని విరుచుకుపడేదట.

ఉప్పెన తర్వాత బందరు వచ్చేశాక ఓరోజు అమ్మమ్మ కోనేరు సెంటర్లో రిక్షా ఆపించి, ఓ ఇంగ్లీషు సినిమా పోస్టరు ముందు కొయ్యబారిపోయింది. గుర్రం మీద ఓ తెల్లదొర. "రామ్మా, ఎవరన్నా చూస్తే నవ్వుతారు" అంటూనే అమ్మ కూడా తలెత్తి చూసి, "నవ్వు మాత్రం అన్నయ్యదే" అని గొణిగిందట.

అంతే, సినిమా పాపమని హాలు వైపు తలైనా తిప్పని మనిషి, ఆ దొర పిక్చరు పడిందంటే చాలు, గంజి పెట్టిన తెల్లచీర కట్టి, కొంగున వేరుశనక్కాయలు మూటగట్టి, క్రిస్మస్ రోజులైతే గుడ్డలో నాలుగు అరిసెలు చుట్టి, ఆ నెయ్యి మరకలు నా గౌనుకి అంటుతున్నా పట్టించుకోకుండా, బీడీ పొగా తడిసిన గోనెపట్టాల కంపూ నిండిన హాల్లోకి నన్ను మార్నింగ్ షోకి లాక్కుపోయేది. పాస్టరు అయ్యగారు ఆగలేక అడిగేశారు: "ఏంటమ్మా, పిక్చర్లకి వెళ్తున్నావంట?"

"పిక్చరుకి కాదండీ అయ్యగారూ. మా అబ్బాయిని చూసుకోడానికండీ."

ఆయన ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

పాతవీ కొత్తవీ కలిపి ఆడించేవారు. ఓసారి గుర్రం మీంచి దూకే కుర్రాడు, ఇంకోసారి కోటు తొడుక్కున్న బ్యాంకు దొంగ, మరోసారి తాగి తూలే పోలీసాయన, ఆఖర్న రెండు మాటలు చెప్పి వెళ్ళిపోయే తాత వేషాలు. "నెరిసిపోయాడే నా తండ్రి!" అని అమ్మమ్మ చీకట్లో ఏడ్చేది. ఉప్పెనలో పోయిన మనిషి ఎక్కడో సముద్రానికి అవతల నిజంగానే ముసలాడవుతున్నాడని నాకూ అనిపించేది. ఆయన మీద ఎవరన్నా తుపాకీ ఎత్తారా, "చాల్లే, పదవే" అని నా రెక్క పట్టుకుని లేపేసేది. ఒక్క సినిమా చివరా నేను చూడలేదు.

దొర అమెరికాలో చనిపోయాడని పేపర్లో బొమ్మతో సహా పడిన రోజు అమ్మ ఆ పేపరు బియ్యం డబ్బా వెనక దాచింది. దాగుతుందా! పక్కింటావిడ చెప్పేసింది. అమ్మమ్మ అరవలేదు. పేపరు అడిగి తీసుకుని, చాలాసేపు చూసి, "అయ్యగారికి కబురు పెట్టు. కూడిక పెడదాం" అంది.

కూడిక రోజున, పేపర్లోంచి కత్తిరించి ఫ్రేము కట్టించిన ఈ ఫొటోని బల్లమీద చూసి అయ్యగారు తడబడ్డారు. "ఎవరి పేరు చెప్పమంటారమ్మా?"

"మా అబ్బాయి పేరేనండీ. ఇంకా ఎన్నాళ్ళు తిప్పనండీ వాణ్ణి? అలిసిపోయాడు."

ఎవరూ నవ్వలేదు. అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత అమ్మమ్మ సినిమాకి వెళ్ళనే లేదు.

ఆ హాలిప్పుడు కల్యాణ మండపం. అమ్మమ్మా లేదు, అమ్మా లేదు. మావయ్య అసలు ముఖం ఎరిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఆ మాట తలుచుకుంటే భయమేస్తుంది.

అద్దం మార్పించి తెచ్చిన సాయంత్రం ఫోన్లో ఆ గుర్రం సినిమా పెట్టాను, ఈసారైనా చివరిదాకా చూద్దామని. అవే గుర్రాలు, అదే నవ్వు. ఎదుటివాడు తుపాకీ ఎత్తాడు. గబుక్కున ఫోను బోర్లించేసి, ఒక్కదాన్నే ఉన్న ఇంట్లో పైకే అన్నాను: "చాల్లే, పదవే."