నాలుగో ప్లగ్గుకి కొసరు

శనివారం పొద్దున పదింబావు. పిస్కాటవేలో ఓ చిన్న గ్యారేజీ. ఆ రోజుల్లో నాకు ముప్పై రెండేళ్లు, తెలియనిదంటూ లేని వయసు. అమెరికా వచ్చి నెలైంది, అక్క ఇంట్లో మకాం. ఊళ్లో పదిహేనేళ్లు పాత జీపులు విప్పిన చెయ్యి నాది. అక్షరం ముక్క మాత్రం రాదు, తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. ఆ సంగతి గ్యారేజీ ఓనరుకి చెప్పలేదు. (అడిగితే అబద్ధమే చెప్పేవాణ్ణి, ఇప్పుడు దాచడం దేనికి.) ఆయనది నెల్లూరు, అందరికీ మీసాల బాబాయ్. "ఈ రోజు నీ పని చూస్తా. నచ్చితే సోమవారం నుంచి ఉద్యోగం" అన్నాడు.

పరీక్షకొచ్చిన కారు ఓ గుంటూరు అమ్మాయిది. ఎమ్మెస్ అయింది, పార్సిప్పనీలో జాబ్ వచ్చింది. "అంకుల్, బండి వణుకుతోంది. మండే ఎయిట్‌కల్లా ఆఫీస్‌లో ఉండాలి, ఫస్ట్ డే" అంది. ముప్పై రెండుకే అంకుల్నయ్యాను.

"స్పార్క్ ప్లగ్గులు నాలుగూ మార్చు. ఇంజన్ హెడ్ అల్యూమినియంది, చల్లారేదాకా ముట్టుకోకు" అని బాబాయ్ లోపలికెళ్లాడు. చల్లారాక పాతదొకటి విప్పి, అరలో ఉన్నవాటి పక్కన పెట్టి, మర చుట్లున్నంత పొడుగు గోటితో కొలిచి, సరిపోయినవి తీశాను. నంబరు చదివేవాడైనా అవే తీసేవాడు. అక్కడిదాకా బాగానే ఉంది.

మా మేస్త్రీ నేర్పిన పద్ధతొకటుంది. ప్లగ్గు బిగిశాక ఆఖర్న ఇంకో పట్టు పట్టాలి. కూరగాయలమ్మి తూకమయ్యాక ఓ గుప్పెడు వేస్తుందే, అలాంటి కొసరు. అది పెట్టనివాడు మా షెడ్డులో పిసినారి కింద లెక్క. ఇనప హెడ్డులు కిమ్మనకుండా భరించేవి.

"అంకుల్, బాక్స్ మీద టైట్ చేయడం గురించి ఏదో ఉంది, చూశారా?"

"చూశానమ్మా." చూడ్డం నిజమే. బొమ్మ బాగుంది.

మూడు ప్లగ్గులు నా కొసరు ఓర్చుకున్నాయి. నాలుగోదానికి పానా ఒక్కసారిగా తేలికైపోయింది, పెరుగులో గరిటె తిరిగినట్టు. హెడ్డు లోపల ప్లగ్గుని పట్టుకునే మర పోయింది. వైరు తగిలించి మూత పెట్టేస్తే ఎవరికీ తెలియదు, ఇంజన్ స్టార్టవుతుంది కూడా. ఊడితే హైవే మీద ఊడుతుంది. ఆ పిల్లేమో నాకు మంచినీళ్ల సీసా అందిస్తూ, "బండి సెట్ అయ్యాక మమ్మీకి కాల్ చేస్తానంకుల్, రోజూ అదే టెన్షన్ తనకి" అంది.

లోపలికెళ్లి బాబాయ్‌ని పిలుచుకొచ్చాను. "మర పోగొట్టాను."

"డబ్బా మీద చదవలేదా?"

"చదవడం రాదు బాబాయ్."

ఆయన మీసం ఓసారి దువ్వుకుని, అమ్మాయిని చదవమన్నాడు. చేత్తో బిగించి, వాషర్ తగిలాక అర చుట్టు, అంతేనట.

"నువ్వెంత తిప్పావ్?"

"లెక్కపెట్టలేదు."

"లెక్కలూ రావా?"

"అవి వచ్చు."

అమ్మాయి అటు తిరిగి నవ్వుకుంది. రంధ్రం మళ్లీ కోసి, లోపల కొత్త ఉక్కు మర దించేసరికి సాయంత్రం నాలుగు. ఈసారి అర చుట్టే తిప్పాను. ఇంజన్ వణక్కుండా పాడింది. అమ్మాయి అక్కడే వాళ్లమ్మకి ఫోన్ చేసింది.

"నా ఉద్యోగం సంగతి?" అన్నాను.

"చెడగొట్టావు గానీ దాచలేదు. సోమవారం రా, పలక తెచ్చుకో."

ఇప్పుడు నేను బిస్కెట్ల డబ్బా కూడా వెనక రాసిందంతా చదివిగానీ తెరవను, ఇంట్లో విసుక్కుంటారు. అంత ధీమాగా పానా తిప్పిన ఆ మొండివాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ భుజబలం మాత్రం ఇప్పుడు ఉంటే బాగుండు.

ఆ రోజు అక్కడున్నది ముగ్గురం: మీసాల బాబాయ్, పార్సిప్పనీ ఉద్యోగం అమ్మాయి, పొద్దున్నుంచీ చదువుకున్నవాడిలా నిలబడ్డ నేను.