వియ్యంకుడి ఊరు

మా చర్చి సంఘంలో ప్రధానం రోజున, అంటే నిశ్చితార్థం నాడు, ఒక పద్ధతి ఉంది. పిల్లను ఏ ఊరి, ఏ ఇంటికి ఇస్తున్నామో పిల్ల తరఫు పెద్ద పైకి చెప్పాలి. వినగానే ఆ ఇంటి పెద్ద లేచి నిలబడాలి. గుంటూరు వైపు నుంచి టెక్సస్ వచ్చి స్థిరపడ్డా మేం దీన్ని వదల్లేదు. మా ఇంట్లో ఆ మాట చెప్పేది మా అత్తగారు.

మా అమ్మాయి చేసుకోబోయేది తెల్లవాళ్ళ అబ్బాయిని. వాళ్ళ నాన్న భోజనానికి వచ్చినప్పుడు అత్తగారు "మీది ఏ ఊరు బాబూ?" అని అడిగారు. నేను దాన్ని ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను.

"టెక్ససే. అంతకు ముందు స్కాట్లండ్ అంటారు. ఇంకేం తెలీదు" అన్నాడాయన, పప్పుచారు కలుపుకుంటూ.

"స్కాట్లండ్ దేశం కదా, ఊరెలా అవుతుంది?" అన్నారు అత్తగారు, ఆయన వెళ్ళాక. "తెలియని ఊరిని దేవుడి ముందు తెలిసినట్టు చెప్పను. నన్ను వదిలేయండి."

మా ఆయన తల్లి మాట దాటరు. అమ్మాయేమో "నానమ్మ చెప్పకపోతే నాకు ఎంగేజ్‌మెంటే వద్దమ్మా" అని కూర్చుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో ఒళ్ళు మండేది నాకు.

సరే, నేనే వెతుకుదామనుకున్నాను. మన బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇంటిపేరంటే ఊరిపేరేగా. మా పక్క ఊరు ఫ్రిస్కో దాటాక వాళ్ళ ఇంటిపేరుతోనే ఒక వాగు ఉంది. అలాంటి వాగు స్కాట్లండ్‌లో ఎక్కడుందో చూస్తే ఊరు దొరికినట్టే అని మ్యాపంతా గాలించాను. కళ్ళు పోయాయి గాని వాగు దొరకలేదు. చివరికి కాబోయే వియ్యంకుడికే ఫోన్ చేశాను.

పగలబడి నవ్వాడు. "వాగు పేరు మాకు రాలేదమ్మా, మా పేరే వాగుకి వచ్చింది. ముందొచ్చి దిగినవాడి పేరు పెట్టేశారు."

ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. సిగ్గేసింది. అయితే నవ్విన మనిషికి కూడా పట్టుదల వచ్చింది, లైబ్రరీలో పాత రికార్డులు చూస్తానంటే తనూ వస్తానన్నాడు.

అక్కడ పాత డైరెక్టరీలున్నాయి. ఎవరు, ఏం పని చేస్తారు, ఏ పోస్టాఫీసు కిందికి వస్తారు అన్నీ వరసగా వేశారు. మొదట వచ్చిన పూర్వీకుడి పేరు పక్కన రైతు అనీ, ఆ పక్కన పోస్టాఫీసు పేరూ ఉన్నాయి. ఆ పోస్టాఫీసు ఎప్పుడో పోయింది. పేరు మాత్రం నేను కిరాణాకి రోజూ డ్రైవ్ చేసే రోడ్డుకి మిగిలింది.

"ఆ పోస్టాఫీసు మా వాళ్ళ ఇంట్లోనే నడిచేదని తాత చెప్పేవాడు. వదిలొచ్చిన ఊరి పేరే దానికి పెట్టుకుని ఉంటారు" అన్నాడాయన నెమ్మదిగా.

స్కాట్లండ్ మ్యాపులో ఈసారి ఆ పేరు వెతికాం. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. లైబ్రరీ కంప్యూటర్లో దొరికిన ఆ ఊరి పాత డైరెక్టరీలో ఆయన ఇంటిపేరుతో ఒకే ఒక్క మనిషి ఉన్నాడు, కమ్మరి. వియ్యంకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు పెట్టుకోలేదు.

ఇంటికొచ్చి అంతా చెప్పాను.

"కమ్మరా?" అన్నారు అత్తగారు. ఇక కులం లెక్కలు తీస్తారనుకున్నాను. "మన ప్రభువు వడ్రంగి. దగ్గరి పనేలే. చెబుతాను."

హమ్మయ్య. ఎన్నాళ్ళకో ఆ పూట కడుపునిండా తిన్నాను.

తీరా ప్రధానం రోజున, వంటల హడావిడిలో, లేచి నిలబడాలని ఆయనకు చెప్పడమే మరిచిపోయాను. గుర్తొచ్చేసరికి అత్తగారు మైకు ముందున్నారు. ఆయన అవతలి వరసలో ఉన్నాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. ఎవరూ లేవకపోతే ఈవిడ మాట మధ్యలో ఆపేస్తారు, నాకు తెలుసు.

అత్తగారు ఇంటిపేరు చెప్పారు. తర్వాత అక్షరం అక్షరం పట్టి పట్టి ఆ ఊరి పేరు చెప్పారు. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ చెప్పకుండానే ఆయన లేచి నిలబడి ఉన్నాడు.