వజ్రమ్మ తోడు

వడోద్‌లో, వలస వచ్చిన తెలుగు మరమగ్గాల కార్మికుల ఇళ్ల మధ్య వజ్రమ్మ పొద్దంతా చీరల దారాలు కత్తిరిస్తుంది. ఎవరికి కడుపు పోయినా పని ఆపి, కొంగు బొడ్లో దోపుకుని ఆసుపత్రికి వెంట వెళ్తుంది. వయసులో ఉండగా తనకూ రెండుసార్లు అలాగే పోయింది. మొన్న పక్కింటి హారతికి ఐదో నెలలో గర్భం పోయింది. కావాలనే తీయించుకుందని ఎవరో ఫిర్యాదు చేస్తే పోలీసు ఆసుపత్రి మంచం దగ్గరికే వచ్చి, ఏ మాత్ర మింగావని గద్దించాడు. వజ్రమ్మ హారతి చెయ్యి వదలలేదు.

"దానంతట అదే పోయింది సాబ్. గిది జుర్మ్ కాదు, నేరం కాదు. డాక్టరమ్మ రాసిన కాయితం సూడుండ్రి."

అతను చదివి, కాగితం తిరిగిచ్చి వెళ్లిపోయాడు.

"నన్ను పట్టుకపోతరా పెద్దమ్మా?"

"ఎందుకు పట్టుకపోతరు బిడ్డా? కడుపు పోతె కానూన్‌ల తప్పు లేదు. ఇగ ఏడువు."

అంతవరకూ భయంతో బిగుసుకుపోయిన హారతి, అప్పుడు బిడ్డ కోసం ఏడ్చింది.