మంచి సొర, చేదు సొర

మా వాడలో సొరకాయలు చేదెక్కిన ఏడు, ఆ పని చేసింది నేను. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. డైరీలో రాసుకున్నాను గానీ, డైరీలో రాసుకోవడం చెప్పడం కిందికి రాదు. నోరు లేనివాళ్లు చెప్పకుండా తప్పించుకోవడానికి అంతకంటే మర్యాదైన దారి ఇంకోటి లేదు.

మాది హాలియాకు ఎడ్లబండి మీద సగం పూట దూరంలో ఉన్న ఊరు. మేం మగ్గం వాళ్లం. ఇంటి ముందు భాగం మగ్గానిది, అంటే బాపుది. వెనక పెరడు బాపు తల్లిది, అంటే మా అవ్వది. మధ్యలో మిగిలిన రెండు గదుల్లో అమ్మా, నేనూ ఎవరి దారికీ అడ్డం రాకుండా బతికేవాళ్లం.

కార్తీకం వస్తే ఆ రెండు గదులు కూడా మావి కావు. వానలు వెనక్కి పోయి పొద్దున పూట మంచు కురవడం మొదలైందంటే చాలు, అవ్వ పెరట్లో ఉన్నదంతా కోసి, తరిగి, ఎండబెట్టేది. వంకాయ ముక్కలు, కాకర చక్రాలు, గోకరకాయలు ఉప్పు మజ్జిగలో ఊరి, చాపల మీదికీ మంచాల మీదికీ ఎక్కేవి. ఎండాకాలం కూరగాయలు దొరకనప్పుడు తినడానికి ఈ ఒరుగులే మాకు దిక్కు. అందుకని సాయంత్రం మంచుకు మెత్తబడకుండా వాటిని మంచాలతో సహా ఇంట్లోకి మోసేవాళ్లం. గోకరకాయలు నులక మంచం మీద, బాపు నేల మీద పడుకునేవారు. మర్నాడు నడుము నొప్పి మాత్రం బాపుకే వచ్చేది.

ఒరుగులు అయ్యాక గింజల వంతు. దోస గింజల్ని పేడలో కలిపి పిడకలాగా గోడకు కొట్టేది. చిక్కుడు గింజలకు ఆముదం పట్టించి బూడిదలో పొర్లించేది. మిగిలినవన్నీ గుడ్డ పీలికల్లో మూటలు కట్టి పొయ్యి మీది దూలానికి, పొగ తగిలేచోట వేలాడదీసేది. ఏ గింజ ఎవరు ఇచ్చారో వాళ్ల చీర పీలికలోనే ఆ గింజ. అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ జానెడు గుడ్డ చేతికిస్తే అది ఏ ఇంటి మగ్గం మీద దిగిందో, ఆ అంచు ఎవరు నేసిందో చెప్పేది. దూలానికి ముప్పై మూటలున్నా ఎన్నడూ ఒకటి బదులు ఇంకోటి విప్పలేదు.

అందులో సొర మూటలు రెండు. ఎర్రంచు పీలికలో మంచి సొర, కూరకు. నల్లగళ్ల పీలికలో చేదు సొర. అది తినడానికి కాదు, బుర్ర కోసం. ఎండితే రాయిలా ఉంటుంది. చెలకకు నీళ్లు పట్టుకుపోవడానికీ, బావిలో ఈత నేర్చుకునే పిల్లల నడుముకు కట్టడానికీ పనికొస్తుంది. దాన్ని పెరట్లో పెట్టనిచ్చేది కాదు, దూరంగా వాగు ఒడ్డున పెట్టించేది. రెండింటి తీగ ఒకటే, పువ్వు ఒకటే, గింజ ఒకటే.

తొలకరి వానలతో మిరుగు కార్తె వచ్చిందంటే వాడలోని ఆడవాళ్లంతా మా పెరట్లో. "అత్తమ్మా, నాకు నాలుగు బీర." "పెద్దవ్వా, నాకు జర గుమ్మడి." అవ్వ ఒక్కొక్కరి మొహం చూసి, పోయినేడు ఎవరు నీళ్లు పోయక ఎండబెట్టారో గుర్తుచేసి, నాలుగు తిట్లూ నాలుగు గింజలూ చేతిలో పెట్టేది. తాత పోయాక నేత డబ్బు బాపు చేతికి, వంట అమ్మ చేతికి వెళ్లాయి. వాడంతా తన మాట వినడానికి అవ్వకు మిగిలినవి ఆ మూటలే.

నేను ఏడో తరగతి చదివాను. ఊళ్లో అంతకంటే చదివిన ఆడపిల్ల లేకపోవడం వల్ల నేను పండితురాలిననుకునేదాన్ని. ఇంకెవరూ అనుకోలేదు. ఆ రోజుల్లో ఒక గ్రామసేవక్ వచ్చేవాడు. సైకిల్ దిగకుండా, ఒక కాలు అరుగు మీద ఆనించి వ్యవసాయం నేర్పేవాడు. అతను ఇచ్చిన చిన్న పుస్తకాన్ని బాపు ఊగుతున్న మంచం కోడు కింద పెట్టారు. నేను దాన్ని కాపాడి రెండుసార్లు చదివాను. గింజల్ని కాగితం పొట్లాల్లో కట్టి పేరు రాయాలని అందులో ఉంది. పేరు రాయడం! నా బతుకులో మొదటిసారి నాకు చేతనైన పని ఒకటి వ్యవసాయంలో కనిపించింది.

ఆ కార్తీకంలో అవ్వ చెల్లెలిని చూసి వస్తానని మూడు రోజులు ఊరికి వెళ్లింది. నేను దూలం మీది మూటలన్నీ దించాను. పాత నోటుబుక్కు చింపి పొట్లాలు కట్టి, గుండ్రటి అక్షరాలతో బీర, చిక్కుడు, పుంటికూర అని రాశాను. సొర దగ్గర రెండు మూటలు కనిపించాయి. ఒకటే గింజ రెండు చోట్ల ఎందుకు, ముసలివాళ్ల మతిమరుపు అనుకుని రెండూ కలిపి ఒకే పొట్లం కట్టాను. పీలికలన్నీ ఉతికి, కుట్టి, డైరీకి అట్ట వేసుకున్నాను. చాలా అందంగా వచ్చింది.

అవ్వ తిరిగొచ్చి దూలం కేసి చూసి, కాసేపు కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏందే బిడ్డా గిది?"

"పొట్లాలవ్వా. పేర్లు రాసిన. ఇగ నువ్వు యాది పెట్టుకునే పని లేదు."

"నాకు సదువు రాకపాయె. ఏది ఏందో నాకెవ్వరు చెప్పాలె?"

"నేను చెప్త."

"నువ్వా! దూపైతే నీళ్లకు సుత సైగ జేస్తవు, నువ్వు చెప్తవు!" అని ఫక్కున నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. అంతలో అవ్వ నవ్వాపి అడిగింది: "సొర రెండు రకాలు. ఏరేరుగనే కట్టినవు గద?"

రెండు మూటలు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. లేదవ్వా, కలిపేశాను అనాలి. రెండే మాటలు. కానీ అంతకుముందే వాళ్లు నవ్వి ఉన్నారు. "ఆ, ఏరేరుగనే" అన్నాను.

తర్వాత వడ్ల గుమ్మి చాటుకు పోయి ఆ పొట్లం విప్పి, గింజల్ని రెండు కుప్పలు చేశాను. ఒకదాని మీద మంచి సొర అనీ, ఇంకోదాని మీద చేదు సొర అనీ రాశాను. ఏది మంచిదో తేల్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. కుడిచేతి వైపున్నది మంచిది.

మిరుగు వచ్చింది. ఆడవాళ్లు వచ్చారు. అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పొట్లాలు చదివించింది. పదిమంది ముందు నా గొంతు పైకి రావడం అదే మొదలు. "మంచి సొర" అని ఎంత స్పష్టంగా చదివానంటే, వెనక నిలబడ్డవాళ్లకు కూడా వినిపించింది.

బతుకమ్మ ముందర కాయలు దిగాయి. పక్కింటి పెద్దమ్మ సగం కోసిన సొరకాయ పట్టుకుని తడికె తోసుకొచ్చింది.

"అత్తమ్మా, జర నోట్లె ఏస్కో గీ ముక్క!"

అవ్వ వేసుకుంది. ఉమ్మలేదు, నమిలి మింగింది.

"పప్పుల ఏసిన. మా ఆయన కంచం ఎత్తి ఇసిరిండు. కండ్లు అవుపడకపోతె అవుపడ్తలేవని చెప్పాలె గని, గిట్ల ఇసం పంచుతవా వాడకు?"

ఆ సాయంత్రానికి ఇంకో అయిదుగురు వచ్చారు. ఒక తీగ తియ్యగా, పక్క తీగ చేదుగా కాసింది. ఒకరింట్లో అత్త పెట్టిన పాదు చేదైంది, కోడలు పెట్టింది తియ్యనైంది. వాళ్లింట్లో ఆ విషయం మీద దీపావళి దాకా చర్చ నడిచింది.

అవ్వ వాళ్ల ముందు నిలబడి, "నా కండ్లే పోయినయి పిల్లా. తప్పయింది" అంది. నా వైపు చూడలేదు. నేను తలుపు వెనక ఉన్నాను. ఆ రోజు పశ్చాత్తాపం మీద డైరీలో ఆరు పేజీలు రాశాను. శైలి బాగా కుదిరింది. ఒక్క అక్షరదోషం లేదు.

ఆ తర్వాత గింజల కోసం మా తడికె ఎవరూ తియ్యలేదు. పెద్దమ్మ రెండు రేకు డబ్బాలు కొని తనే పంచడం మొదలుపెట్టింది. ఆమె బీరలు సగం మొలవలేదు. అయినా వాడ వాళ్లు ఆమె దగ్గరికే వెళ్లారు.

అవ్వ మా పెరట్లో చేదు కాసిన తీగలు పీకించి, తియ్యటి తీగకు ఒక్క కాయ, వాగు ఒడ్డున చేదు తీగకు ఒక్క కాయ గింజకు ఉంచింది. కార్తీకంలో ఎవరూ అడగకపోయినా మళ్లీ గింజలు ఎండబెట్టి, కొత్త పీలికల్లో మూటలు కట్టింది. నన్ను కత్తిపీట ముందు కూర్చోబెట్టింది.

"కత్తిపీట కాడ కూసుంటె ఆడోళ్లకు మాటలొస్తయంటరు" అంది.

నేను వంకాయలు తరిగాను.

"ఏమన్న చెప్పేదున్నదా బిడ్డా?"

"ఏం లేదవ్వా."

"జర పల్సగ కొయ్యి."

ఆ మరుసటి కార్తీకంలోనూ అట్లాగే అడిగింది, నేనూ అట్లాగే లేదన్నాను. నా జవాబును ఆ రెండేళ్లలో మార్చాల్సిన అవసరం కనిపించలేదు. మనసులో మాత్రం ఎన్నోసార్లు చక్కని వాక్యాలతో ఒప్పుకున్నాను. మనసులో అవ్వ ప్రతిసారీ నా తల నిమిరేది.

మాఘంలో నాకు పెళ్లి చేశారు. మా ఆయనకు నందికొండలో, డ్యామ్ పనుల దగ్గర గుమాస్తా ఉద్యోగం. బస్సు ఎక్కాక అవ్వ కిటికీ దగ్గరికి వచ్చి, కొంగులోంచి రెండు చిన్న మూటలు తీసి నా ఒళ్లో పెట్టింది. రెండు వేర్వేరు పీలికలు. ఎవరి చీరలవో నాకు తెలియదు. గుడ్డ చదవడం నేను నేర్చుకోలేదు. వైశాఖంలో అవ్వ పోయింది. కబురు అంది నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. అందుకని ఆ కిటికీ దగ్గర ఆమె అన్నవే ఆఖరి మాటలు.

"సొర గింజలు. రెండు రకాలు" అంది.

"మంచిది ఏదవ్వా?" అని అడిగాను.

డ్రైవర్ హారన్ కొట్టాడు. అవ్వ కిటికీ ఊచ వదల్లేదు.

"నన్నడుగుతున్నవా? పక్కింటిది సొరకాయ వట్కొచ్చిన దినమే తెల్సు నాకు, రెండూ కలిపింది నువ్వేనని. నీ నోటితోని చెప్తవని రెండు కార్తీకాలు చూసిన బిడ్డా. ఇగ నేను చెప్ప. పెట్టుకో, నీళ్లు పోసుకో, కాసినంక కొరికి చూస్కో."