చిట్టీలో వచ్చిన పటేల్

ఎనభైల మొదట్లో హనుమకొండలో రాత్రిబడి పంతుళ్ల కోసం మూడు రోజుల శిక్షణ పెట్టారు. మా ఊరికి ఒకటే పోస్టు, పోటీకి ఇద్దరం. ఒకణ్ణి నేను. రెండోవాడు, మా అయ్య ఏళ్ల తరబడి పాలేరుగా జీతమున్న పటేల్ ఇంటి చిన్న కొడుకు. ఆ నౌకరి నాకొస్తే అయ్యను ఆ పశువుల కొట్టం నుంచి బయటికి తెచ్చుకోవాలని నా ఆశ. తిన్నా, పడుకున్నా అదే యావ.

రెండో రోజు పట్నం నుంచి వచ్చిన సారు ఒక ఆట ఆడించాడు. చిట్టీ తీయాలి, అందులో ఎవరుంటే వాళ్లలాగా నటించాలి. అట్లా చేస్తే ఎదుటివాడి బాధ తెలుస్తుందట, ఊళ్లో కొట్లాటలు చల్లారతాయట! నాకు పటేల్ వచ్చాడు. పటేల్ కొడుక్కి జీతగాడు. జీతగాడు జీతం పెంచమనాలి, పటేల్ కాదనాలి, చివరికి ఇద్దరూ రాజీకి రావాలి.

కుర్చీ వేశారు. అంచు మీద కూర్చున్నాను.

"ఏంది తమ్మీ, గట్ల కూసున్నవ్? పటేల్ లెక్క కూసో," అన్నాడు సారు. అందరూ నవ్వారు. ఏం చెయ్యను, నాకు నిజంగానే చేతకాలేదు.

అతనికి మాత్రం అన్నీ వచ్చు. గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. భుజం మీది తువ్వాల తీసి నడుముకు చుట్టుకున్నాడు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చి నా ముందు కూలబడి, మొహం పక్కకు తిప్పి దగ్గి, "నీ బాంచెన్ పటేలా, జర పిల్లల మొఖం చూడు," అన్నాడు.

ఆ కాలు మా అయ్యది. ఆ దగ్గూ మా అయ్యదే. హాలంతా చప్పట్లు. నా ఒళ్లు భగ్గున మండింది. కుర్చీ తన్ని లేచాను.

"లెవ్‌రా! మా అయ్యను ఎక్కిరిస్తానవారా?"

జన్మలో అతన్ని 'రా' అన్నది ఆ ఒక్కసారే.

"ఆట ఖరాబ్ చేసినవ్ తమ్మీ," అన్నాడు సారు. "కోపం ఆపుకోనోడు ఊళ్లె నలుగుర్ని ఎట్ల కలుపుతడు?"

పోస్టు అతనికే ఇచ్చారు. జీతగాళ్ల కష్టం తెలిసినవాడట! థూ.

ఆ కబురు మా అయ్యే సంబరంగా మోసుకొచ్చాడు. "చిన్న పటేలుకు నౌకరచ్చింది బిడ్డా. పొయ్యి దండం పెట్టచ్చిన. నువ్వు గూడ పొయ్యిరా, పోకపోతె మంచిగుండది."

అక్కడ అతను ఎవరిలా నటించి గెలిచాడో చెప్పడానికి నాకు నోరు రాలేదు. పోయి దండం పెట్టి వచ్చాను.