కుక్కల ల్యాబ్‌లో పనిచేసిన మా కృప

నిన్న పొద్దున్న ఫోన్ మోగితే కృప అనుకున్నాను. ల్యాబ్‌కి వెళ్ళే ముందు రోజూ చేస్తుంది.

వేరే అమ్మాయి గొంతు. "ఆంటీ, నేను కృప రూమ్మేట్‌ని. అంకుల్ పక్కన ఉన్నారా?"

అప్పుడే అర్థమైపోయింది.

మూడు రోజుల జ్వరం. మామూలు జ్వరమే అని నాతో చెప్పింది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల.

ఏడవడానికి కూడా ఓపిక లేదు. సాయంత్రానికి కృపని తెచ్చే బండి రాజోలు వస్తుందంటున్నారు. ఈలోగా ఒక మాట రాయాలి. నేను ఐదో తరగతే చదివాను, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

కృప పనిచేసింది కుక్కల ల్యాబ్‌లో. మగకుక్కల వీర్యం తీసి, కణాలు ఎలా ఈదుతున్నాయో మైక్రోస్కోప్‌లో చూసేది. గాజు గిన్నెలో గుడ్డుతో కలిపి పిండం కడుతుందేమోనని చూసేది.

ఈ మాట నేను ఎవ్వరికీ చెప్పలేదు. సిగ్గేసింది. చర్చిలో ఆడవాళ్ళు అడిగితే, పిల్లలు లేనివాళ్ళకి చూసే ల్యాబ్ అని చెప్పేశాను.

పోయిన క్రిస్మస్‌కి కృప ఇంటికి వస్తే, మా వీధి మార్తమ్మ వదిన, పిల్లల్లేని తన కోడల్ని వెంటబెట్టుకుని వచ్చేసింది. చేతిలో హాస్పిటల్ ఫైలు.

కృప ఫైలు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అత్తయ్యగారూ, నేను చూసేది కుక్కలకండి."

"కుక్కలకా! వాటికేం లోటే, వీధి నిండా అవేగా!"

కోడలు కూడా నవ్వేసింది. నేను మాత్రం వంటింట్లోకి పోయాను.

కృప వెనకే వచ్చింది. కోప్పడలేదు.

"అమ్మా, కుక్కల్లో గుడ్డు పచ్చిగానే బయటికొస్తుంది. అది పండేదాకా మగకణం లోపల రోజుల తరబడి కాచుకుని ఉంటుంది. అందుకే గాజు గిన్నెలో చెయ్యడం అంత కష్టం."

"అరటిగెల మగ్గేసినట్టా?"

"ఆయ్, అదేనమ్మా!" అని పడీపడీ నవ్వింది.

తర్వాత మెల్లిగా అడిగింది. "నా పనంటే నీకు సిగ్గా?"

పాలు దించుతూ ఉండిపోయాను. జవాబు చెప్పలేదు. తనూ మళ్ళీ అడగలేదు.

ఇందాక పాస్టర్ గారు వచ్చేరు. సమాధి దగ్గర చదవడానికి వివరాలు రాసుకుంటూ, "పిల్లలు లేనివాళ్ళకి చూసే ల్యాబే కదమ్మా?" అన్నారు.

"కాదండి. కుక్కలకండి. మగకుక్కల వీర్యం చూసేదండి."

ఆయన పెన్ను ఆగిపోయింది. పక్కనే ఉన్న మార్తమ్మ వదిన నా చెయ్యి పట్టుకుంది.

"అలాగే రాయండి. అందరి ముందూ అలాగే చదవాలండి."

రాసుకున్నారు.

కృపా, ఇదేనమ్మా నా జవాబు. లేటయిపోయింది.

అలిసిపోయుంటావు, పడుకో తల్లీ. ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.