రెండు జీపుల్లో వెళ్ళిన ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో మా నరసరావుపేట వైపు ఒక మనిషి పనికి ఒక్క మనిషే వెళ్ళడం నామర్దా. పోలీసు స్టేషనుకైనా, పిల్లను చూడ్డానికైనా, చివరికి పన్ను పీకించుకోడానికైనా వెనకాల జీపు నిండా జనం ఉండాల్సిందే. (గుమ్మంలో నిలబడ్డ మా వాళ్ళ మీసాల మీదే కళ్ళు పెట్టిన డాక్టరు, మా పెదనాన్నకు పుచ్చుపన్ను వదిలేసి మంచి పన్ను పీకాడని చెప్పుకుంటారు. చెప్పుకునేది ముఖ్యంగా నేనే.)

నేను గుంటూరులో కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే, కాగితం మీద. అసలు కంప్యూటరు అద్దాల గదిలో చల్లగా కూర్చుని ఉండేది. మేం చెప్పులు బయట విప్పి, ఎప్పుడైనా లోపలికెళ్ళి దర్శనం చేసుకుని వచ్చేవాళ్ళం. అంతలో చిలకలూరిపేటలో ఒక నూలు మిల్లువాళ్ళు కంప్యూటరు కొన్నారని, ప్రోగ్రామరు కోసం ఇంటర్వ్యూకు రమ్మన్నారని కబురొచ్చింది. ఆ ఉద్యోగం రాకపోతే మా మేనమామ నాపరాళ్ళ క్వారీలో లారీలకు రాళ్ళెక్కించుకుంటూ బతకాలి. ఆ సంగతి ఇంట్లో అప్పటికే ఖాయం చేసేశారు.

“ఒక్కడివే పోతావేందిరా, అనాథలాగా?” అన్నాడు మామ.

“ఇంటర్వ్యూ మామా అది, పంచాయితీ కాదు.”

“ఏదైతే ఏంది? మన వెనక ఎవరున్నారో అవతలోడికి తెలియొద్దూ?”

రెండు జీపులు కదిలాయి. మిల్లు గేటు ముందు అన్ని తెల్ల పంచెలు ఒక్కసారి దిగేసరికి వాచ్‌మన్ గేటుతోపాటు చేతులు కూడా ఎత్తేశాడు. (ఎత్తలేదు. పక్కకు జరిగాడు.)

లోపల మేనేజరుగారు, పత్తి బేళ్ళను లాట్లవారీగా విడదీసి చూపించే ప్రోగ్రాం రాయమన్నారు. కాగితం మీద రాశాను. టైపు చెయ్యడం దగ్గరే వచ్చింది చావు. ఒక అక్షరం వెతికి పట్టుకుని ఇంకోటి వెతికేలోపు మిల్లులో షిఫ్టు మారింది. చివరికి బటను నొక్కి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నల్లటి తెర మీద పచ్చటి అంకెలు బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నాయి. మొదటిసారికే నడిచింది. మేనేజరుగారు లేచి చెయ్యి చాపారు. “ఎప్పుడు చేరతావు బాబూ?”

నేను నోరు తెరిచాను. తలుపూ తెరుచుకుంది. మామ, వెనకాల ఇంకో నలుగురు.

“మేనేజరు గారూ, మావోడు చానా తెలివిగలోడు. పెట్టుకోండి. రేపు మీ కూలోళ్ళు అడ్డం తిరిగినా, ఎవడన్నా నోరెత్తినా ఒక్క కబురు పెట్టండి. చిటికెలో వచ్చి వాలతాం.”

చాపిన చెయ్యి నా దాకా రాకుండానే వెళ్ళి గంట నొక్కింది. అందరికీ టీలు వచ్చాయి. మా వాళ్ళు సాసర్లలో పోసుకుని తీరిగ్గా తాగారు. వెళ్ళేటప్పుడు మేనేజరుగారు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అన్నారు: “ప్రోగ్రాం బాగా రాశావు బాబూ. కానీ రేపు అందులో తప్పొస్తే, నిన్ను తిట్టే ధైర్యం ఎవరికుంటుంది చెప్పు?”

జీపులో మామ నా భుజం చరిచాడు. “అంతమందికి టీ పోశాడంటే ఉద్యోగం ఇచ్చినట్టేరా. నేను రాకపోతే నిన్ను గేటు కూడా దాటనిచ్చేవోళ్ళు కాదు.” ఆ మాట ఆయన పోయేదాకా అంటూనే ఉన్నాడు. నేను వింటూనే ఉన్నాను, క్వారీలో, నోట్లో రాతిదుమ్ముతో.

ఇప్పుడు ఆ క్వారీ నాదే. సాయంత్రాలు లారీ డ్రైవర్లకు కథలు చెబుతుంటాను. సాగర్ కాలవలో మొసలి మీదెక్కి మాచర్ల పోయానంటే నమ్ముతారు. చిరుతపులికి బీడీ ముట్టించానన్నా నమ్ముతారు. నేను రాసిన ప్రోగ్రాం మొదటిసారికే నడిచిందంటే మాత్రం, “ఊరుకో బాబాయ్, మరీ కోతలు” అని లేచిపోతారు.